అడ్డుపడిన రెండు కిక్కులు: 2024 ఎన్‌ఎఫ్‌ఎల్ సీజన్‌లో పట్టిక చెప్పని లెక్కలు

అమెరికన్ ఫుట్‌బాల్ ప్రధాన లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, 2024 నవంబరు 10న కాన్సస్ సిటీలో చీఫ్స్ జట్టు 16-14 ఆధిక్యంలో ఉంది. ఆట ఆఖరి క్షణాల్లో డెన్వర్ బ్రాంకోస్ కిక్కర్ విల్ లట్జ్ 35 గజాల దూరం నుంచి ఫీల్డ్‌గోల్‌కు, అంటే బంతిని గోల్‌పోస్ట్ కడ్డీల మధ్యగా తన్ని మూడు పాయింట్లు సాధించడానికి, సిద్ధమయ్యాడు. ఈ స్థాయి కిక్కర్లకు అది చెమట పట్టించే దూరం కాదు. కానీ బంతి గాలిలోకి లేస్తుండగానే చీఫ్స్ ఆటగాడి చేయి అడ్డుపడింది, గెలవాల్సిన బ్రాంకోస్ ఓడింది. సరిగ్గా వారం తరువాత షికాగోలో అదే దృశ్యం తిరగబడింది. గ్రీన్‌బే ప్యాకర్స్ చేతిలో 20-19తో వెనుకబడిన బేర్స్ జట్టు 46 గజాల నుంచి చివరి కిక్ కొట్టింది, ప్యాకర్స్ ఆటగాడు దాన్ని అడ్డుకున్నాడు. ఆ రోజుల్లో చీఫ్స్‌ది ఎవరూ ఆపలేని యంత్రమని, బేర్స్‌ది గెలవడం చేతకాని జట్టని చెప్పుకోవడం మొదలైంది. సీజన్ ముగిసేసరికి చీఫ్స్ 15 గెలిచి 2 ఓడింది, బేర్స్ 5 గెలిచి 12 ఓడింది. ఈ అంతరంలో నిజమైన బలం ఎంత, ఎవరి చేయి బంతికి తగిలిందన్నది ఎంత అనేది విడదీసి చూడకపోతే ఆ సీజన్‌లోని ఆశ్చర్యాలేవీ సరిగా అర్థం కావు.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆశ్చర్యాలకు మొదటి కారణం ఆటల సంఖ్య తక్కువగా ఉండడమే. ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని 32 జట్లు లీగ్ దశలో తలా 17 ఆటలు మాత్రమే ఆడతాయి. అదే దేశపు బేస్‌బాల్ జట్టు 162, బాస్కెట్‌బాల్ జట్టు 82 ఆడుతుంది. అక్కడ ఒక చెడ్డ సాయంత్రం మిగతా ఆటల్లో కలిసిపోతుంది, ఇక్కడ అది సీజన్‌లో పదిహేడో వంతు. రెండో కారణం లీగ్ నిర్మాణంలోనే ఉంది. ఆటగాళ్ల జీతాలకు ప్రతి జట్టుకూ ఒకే పరిమితి ఉంటుంది, 2024లో అది 25.54 కోట్ల డాలర్లు. కళాశాలల నుంచి వచ్చే కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అందరికన్నా వెనుకబడిన జట్టుకే మొదటి అవకాశం. డివిజన్‌లో, అంటే తన నాలుగు జట్ల విభాగంలో, అట్టడుగున నిలిచిన జట్టుకు మరుసటి ఏడాది షెడ్యూల్‌లో కొన్ని ఆటలు తనలాగే అడుగున ఉన్న జట్లతో పడతాయి. అంటే కిందపడినవాడిని లేపడానికి, పైనున్నవాడిని కిందికి లాగడానికి లీగ్ పనిగట్టుకుని ఏర్పాటు చేసుకుంది. 1990 నుంచి ప్రతి ఏడాదీ, క్రితంసారి ప్లేఆఫ్స్‌కు (లీగ్ దశ తరువాతి నాకౌట్ పోటీలకు) రాని జట్లు కనీసం నాలుగైనా కొత్తగా అక్కడికి చేరుతూనే ఉన్నాయి. 2024లో అలా చేరినవి సరిగ్గా నాలుగు: వాషింగ్టన్ కమాండర్స్, మినెసోటా వైకింగ్స్, డెన్వర్ బ్రాంకోస్, లాస్ ఏంజెలెస్ చార్జర్స్. వాటికి చోటిచ్చి బయటికి వెళ్లినవి శాన్‌ఫ్రాన్సిస్కో 49ఇయర్స్, డాలస్ కౌబాయ్స్, క్లీవ్‌లాండ్ బ్రౌన్స్, మయామి డాల్ఫిన్స్.

ఆ ఏడాది జనం అన్నిటికన్నా తప్పుగా అంచనా కట్టిన జట్టు ఏదంటే, ఓడిన జట్లలో వెతకడం కన్నా గెలిచిన చీఫ్స్‌ను చూడడం మేలు. బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించే టచ్‌డౌన్‌కు ఆరు, ఆపై ప్రయత్నానికి గరిష్ఠంగా రెండు పాయింట్లు వస్తాయి కాబట్టి 8 పాయింట్లు, అంతకన్నా తక్కువ తేడాతో ముగిసిన ఆటను ఒక్క ఎత్తులో (బంతి ఒకసారి ఆడించడంలో) తారుమారు కాగలిగిన ఆటగా పరిగణిస్తారు. చీఫ్స్ అలాంటివి 11 ఆడి పదకొండూ గెలిచింది. మొదటి ఆటలో బాల్టిమోర్ రేవెన్స్ ఆటగాడు చివరి క్షణంలో పట్టిన బంతి టచ్‌డౌన్ కాకపోవడానికి కారణం అతని కాలి బొటనవేలు గీత మీద పడడమే. సిన్సినాటీ మీద గెలుపు 26-25తో, అదీ గడియారం ఆగే సమయంలో కొట్టిన ఫీల్డ్‌గోల్‌తో దక్కింది. చార్జర్స్ మీద గెలిపించిన ఆఖరి కిక్ గోల్‌పోస్ట్ కడ్డీకి తగిలి లోపలికి పడింది. సీజన్‌లో 5 ఆటలే గెలిచిన కరోలైనా పాంథర్స్ మీద కూడా తేడా 30-27. ఇన్ని గెలిచినా మొత్తం మీద చీఫ్స్ చేసిన పాయింట్లు 385, ఇచ్చినవి 326, అంటే మిగులు 59. ప్రధాన ఆటగాళ్లకు విశ్రాంతినిచ్చి 38-0తో ఓడిన చివరి ఆటను పక్కన పెట్టినా మిగులు 97 దాటదు. అన్నే గెలుపులున్న డెట్రాయిట్ లయన్స్ మిగులు 222.

ఇదంతా అదృష్టమేనని కొట్టిపారేయడం తొందరపాటు. చివరి రెండు నిమిషాల్లో గడియారాన్ని, మిగిలిన టైమ్ఔట్‌లను (గడియారం ఆపించుకునే అవకాశాలను) కాచుకునే విద్యలో, బంతి విసిరి దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్‌కు, కోచ్ ఆండీ రీడ్‌కు సాటివచ్చేవారు తక్కువ. కానీ ఆ విద్య పదకొండుకు ఏడో ఎనిమిదో గెలిపిస్తుందని నమ్మవచ్చు గాని, పదకొండుకు పదకొండు గెలిపిస్తుందని నమ్మడం కష్టం. దీనికి ముందే ఒక ఉదాహరణ ఉంది. 2022లో మినెసోటా వైకింగ్స్ కూడా ఇలాంటి ఆటలు 11 ఆడి అన్నీ గెలిచింది. 13-4తో, అంటే 13 గెలుపులు 4 ఓటములతో, ముగించిన ఆ జట్టు మొత్తం మీద చేసిన పాయింట్లకన్నా ఇచ్చినవే 3 ఎక్కువ. మరుసటి ఏడాది అది 7-10కి జారింది. చీఫ్స్‌కు మాత్రం లెక్క తేలడానికి మరో సీజన్ అవసరం కాలేదు. 2025 ఫిబ్రవరి 9న న్యూ ఆర్లియన్స్‌లో జరిగిన సీజన్ ఫైనల్ సూపర్ బౌల్‌లో ఫిలడెల్ఫియా ఈగిల్స్ దాన్ని 40-22తో చిత్తు చేసింది. ఆ స్కోరు కూడా చీఫ్స్ పట్ల ఉదారంగానే ఉంది, ఎందుకంటే మూడో క్వార్టర్‌లో ఒక దశలో అది 34-0.

వైకింగ్స్ 2024లో మళ్లీ అదే తరహాలో పైకి లేచింది. డ్రాఫ్ట్‌లో పదో స్థానంలో ఎంచుకున్న కొత్త క్వార్టర్‌బ్యాక్ జె.జె. మెకార్తీ సీజన్ మొదలు కాకముందే మోకాలి గాయంతో తప్పుకున్నాడు. పగ్గాలు శామ్ డార్నల్డ్ చేతికి వచ్చాయి. 2018లో న్యూయార్క్ జెట్స్ మూడో స్థానంలో ఎంచుకుని, తరువాత వదిలేసుకున్న ఆటగాడతను. కోటి డాలర్ల ఏడాది ఒప్పందం మీద వచ్చిన అతను 4,319 గజాల పాస్‌లు, 35 టచ్‌డౌన్‌లు వేశాడు. జట్టు 14-3తో ముగించి కూడా అదే డివిజన్‌లోని లయన్స్ వెనుకే నిలిచింది. 14 గెలుపులతో డివిజన్ దక్కక వైల్డ్‌కార్డ్‌గా ప్లేఆఫ్స్‌కు వచ్చిన తొలి జట్టు ఇదే. కానీ ఆ పద్నాలుగులో తొమ్మిది స్వల్ప తేడా గెలుపులు. చివరి వారం లయన్స్ 31-9తో, తరువాతి వారం రామ్స్ 27-9తో ఓడించాయి. రామ్స్‌తో ఆటలో డార్నల్డ్ బంతి విసరకముందే తొమ్మిదిసార్లు నేలకూలాడు. ప్లేఆఫ్స్ చరిత్రలో అంతకన్నా ఎక్కువసార్లు ఎవరూ కూలలేదు. అయినా వైకింగ్స్‌ను గాలివాటు జట్టు అనలేం. కోచ్ కెవిన్ ఓకానెల్ తన క్వార్టర్‌బ్యాక్‌కు తేలికైన నిర్ణయాలు మిగిలేలా ఆటను అల్లడంలో దిట్ట, ఆ ఏటి ఉత్తమ కోచ్ పురస్కారం అతనికే దక్కింది. బలహీనత ఒక్కచోటే ఉంది. ముందున్న రక్షక వరుస తెగినప్పుడు ఆ అల్లిక అంతా వీడిపోయింది.

వాషింగ్టన్ కథ వేరు. 2023లో 4-13గా ఉన్న కమాండర్స్ 12-5కు చేరడం ఆ సీజన్ మొత్తంలో అతి పెద్ద మలుపు. దాని వెనుక కారణాలు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. దశాబ్దాలుగా జట్టును అస్తవ్యస్తంగా నడిపిన యజమాని డాన్ స్నైడర్ 2023లో 605 కోట్ల డాలర్లకు దాన్ని జాష్ హారిస్ బృందానికి అమ్మేశాడు. కొత్త యాజమాన్యం జనరల్ మేనేజర్‌ను, హెడ్‌కోచ్‌ను మార్చింది. క్రితం ఏడాది ఘోరంగా ఓడినందుకు ప్రతిఫలంగా దక్కిన రెండో స్థానపు డ్రాఫ్ట్ అవకాశంతో జేడెన్ డేనియల్స్‌ను ఎంచుకుంది. ఇక్కడే జీతాల పరిమితి మర్మం కనిపిస్తుంది. డేనియల్స్ నాలుగేళ్ల ఒప్పందం మొత్తం సుమారు 3.8 కోట్ల డాలర్లు. 2024 సెప్టెంబరులో డాలస్ తన క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌కు ఏడాదికి 6 కోట్ల చొప్పున ఒప్పుకుంది. ఒకే పరిమితి కింద ఆడే రెండు జట్లలో ఒకదానికి అంత డబ్బు మిగిలితే, దానితో మిగతా వరుసలన్నిటినీ నింపుకోవచ్చు. చౌకగా దొరికిన మేటి క్వార్టర్‌బ్యాక్‌కు మించిన ఆస్తి ఈ లీగ్‌లో లేదు.

డేనియల్స్ పరుగుతోనే 891 గజాలు సాధించి, కొత్తగా వచ్చిన క్వార్టర్‌బ్యాక్‌లలో రికార్డు నెలకొల్పాడు. అయితే వాషింగ్టన్ కూడా చివరి క్షణాల జట్టే. అక్టోబరు 27న బేర్స్ 15-12తో ముందున్నప్పుడు, ఆఖరి ఎత్తులో డేనియల్స్ విసిరిన బంతిని గుంపులో ఒకరు తట్టగా, అది వెనుక నిలబడిన నోవా బ్రౌన్ చేతుల్లో పడి 52 గజాల టచ్‌డౌన్ అయింది. ఆ బంతిని తట్టినవాడు బేర్స్ డిఫెండరే. ఎత్తు మొదలైనప్పుడు అతను ప్రేక్షకుల వైపు తిరిగి వారిని ఉడికిస్తూ ఉన్నాడు. ప్లేఆఫ్స్‌లో టాంపా బే మీద గెలిపించిన కిక్ కూడా కడ్డీకి తగిలే లోపలికి వెళ్లింది. ఆ తరువాత 15-2 లయన్స్‌ను వారి మైదానంలోనే 45-31తో ఓడించడాన్ని మాత్రం కడ్డీ ఖాతాలో వేయడానికి వీల్లేదు. లయన్స్ ఐదుసార్లు బంతి పోగొట్టుకున్న మాట నిజమే. సీజన్ పొడుగునా గాయాలతో చిక్కిపోయిన లయన్స్ డిఫెన్స్‌కు వాషింగ్టన్ దాడికి జవాబు దొరకలేదన్నది కూడా అంతే నిజం. తరువాతి మెట్టు మీద ఈగిల్స్ 55-23తో ఆ ప్రయాణాన్ని ఆపింది.

పడిపోయిన జట్ల విషయంలోనూ ఇలా విడదీసి చూడడమే సరైన దారి. 2024 ఫిబ్రవరిలో సూపర్ బౌల్‌ను ఓవర్‌టైమ్‌లో 25-22తో కోల్పోయిన 49ఇయర్స్, అదే ఏడాది చివరికి 6-11కి దిగజారింది. క్రితం సీజన్‌లో 1,459 గజాలు పరుగెత్తిన క్రిస్టియన్ మెకాఫ్రీ ఈసారి నాలుగే ఆటలు ఆడాడు. బ్రాండన్ ఐయూక్ అక్టోబరులో మోకాలి లిగమెంట్ తెగి సీజన్‌కు దూరమయ్యాడు. చేతికందిన ఆటలు కూడా జారిపోయాయి. రామ్స్ మీద 27-24, కార్డినల్స్ మీద 24-23 ఓటములు రెండూ ఆధిక్యం నిలుపుకోలేక వచ్చినవే. ఇలాంటి పతనం చూడడానికి భయం పుట్టిస్తుంది గాని, పడిపోయిన జట్ల జబ్బుల్లో ఇదే తేలికైనది. గాయాలు మానతాయి, ఆఖరి స్థానం వల్ల వచ్చే ఏటి షెడ్యూల్ కాస్త మెత్తబడుతుంది.

డాలస్ కౌబాయ్స్‌ను ఈ కోవలోకి చేర్చడం సులువు, కానీ అది పొరపాటు. నవంబరు 3న తొడ కండరం దెబ్బతిని ప్రెస్కాట్ తప్పుకున్నాక జట్టు 7-10తో ముగిసిందని సాధారణంగా చెప్తారు. తేదీలు చూస్తే వేరే సంగతి తెలుస్తుంది. వరుసగా మూడేళ్లు 12-5 సాధించి, 2023 లీగ్ దశలో సొంత మైదానంలో ఎనిమిదికి ఎనిమిది గెలిచిన ఈ జట్టు, 2024లో అదే మైదానంలో తొలి ఐదు ఆటలూ ఓడింది. వాటిలో మూడు ప్రెస్కాట్ ఆరోగ్యంగా ఉన్నప్పటివే. న్యూ ఆర్లియన్స్ చేతిలో 44-19, లయన్స్ చేతిలో 47-9 పరాజయాలు క్వార్టర్‌బ్యాక్ గాయం వల్ల వచ్చినవి కావు. రెండోది యజమాని జెర్రీ జోన్స్ 82వ పుట్టినరోజున జరిగింది. మునుపటి వేసవిలో పాత ఆటగాళ్లు వెళ్లిపోతుంటే వారి స్థానంలో చెప్పుకోదగ్గవారిని తేకుండా, తమ తారల ఒప్పందాలను ఆఖరి నిమిషం దాకా లాగడమే అసలు లోపం. కౌబాయ్స్ ప్రధాన కేంద్రం ఉన్న ఫ్రిస్కోలోనూ, చుట్టుపక్కల ప్లేనో, ఇర్వింగ్‌లలోనూ తెలుగు కుటుంబాలు గణనీయంగా స్థిరపడ్డాయి. అక్కడ పెరిగిన పిల్లల ద్వారా ఈ ఆట తెలుగు ఇళ్లలోకి వచ్చింది కాబట్టి, ఆ ఏటి నిరాశ కొంత మనవాళ్లకూ పంచబడింది.

న్యూ ఆర్లియన్స్ సెయింట్స్ పతనాన్ని రెండు అంకెల్లో చెప్పవచ్చు. మొదటి వారం పాంథర్స్‌ను 47-10తో, రెండో వారం కౌబాయ్స్‌ను 44-19తో చితక్కొట్టిన జట్టు, తరువాత వరుసగా ఏడు ఓడింది. ఏడో ఓటమి అదే పాంథర్స్ చేతిలో 23-22తో వచ్చింది, మర్నాడే కోచ్ డెనిస్ ఆలెన్‌ను తొలగించారు. ఎనిమిది వారాల్లో 37 పాయింట్ల తేడా ఆవిరైంది. రెండు వారాల ఫలితాలను చూసి జట్టు స్వభావాన్ని నిర్ధారించేవారికి ఇంతకన్నా మంచి హెచ్చరిక దొరకదు.

గాయం మానుతుంది, ఒప్పందం మానదు. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ 2022లో డెషాన్ వాట్సన్ కోసం హ్యూస్టన్‌కు మూడు ఏళ్ల మొదటి రౌండ్ డ్రాఫ్ట్ అవకాశాలు ఇచ్చేసి, ఆపై అతనికి ఐదేళ్లకు 23 కోట్ల డాలర్లు పూర్తి హామీతో రాసిచ్చింది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో సాధారణంగా ఒప్పందంలో కొంత భాగానికే హామీ ఉంటుంది. ఆటగాడు రాణించకపోతే జట్టు వదిలించుకోగలుగుతుంది. ఇక్కడ ఆ దారి మూసుకుపోయింది. 2023లో డిఫెన్స్ బలంతో 11-6 సాధించిన జట్టు, 2024లో వాట్సన్ మొదలుపెట్టిన ఏడు ఆటల్లో ఆరు ఓడింది. ఏడో ఆటలో అతని మడమ స్నాయువు తెగింది. జట్టు 3-14తో ముగిసింది. డెన్వర్ కూడా రసెల్ విల్సన్‌ను వదిలించుకోవడానికి దాదాపు 8.5 కోట్ల డాలర్ల భారాన్ని తన జీతాల పరిమితిలో మోయాల్సి వచ్చింది. కానీ చౌకగా వచ్చిన కొత్త క్వార్టర్‌బ్యాక్ బో నిక్స్ కుదరడంతో 10-7తో బయటపడింది. అప్పు ఉన్నా ఆదాయం ఉన్న ఇల్లు అది. క్లీవ్‌లాండ్‌కు అప్పు ఒక్కటే మిగిలింది.

న్యూయార్క్ జెయింట్స్ తప్పు ఇంకా సూటిగా కనిపిస్తుంది. 2023 మార్చిలో ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ డేనియల్ జోన్స్‌కు నాలుగేళ్లకు 16 కోట్ల డాలర్లు ఒప్పుకుని, బంతితో పరుగెత్తే సేక్వాన్ బార్క్‌లీతో మాత్రం బేరం తెగనివ్వలేదు. ఏడాది తరువాత బార్క్‌లీ అదే డివిజన్‌లోని ప్రత్యర్థి ఈగిల్స్‌కు మూడేళ్లకు 3.775 కోట్లతో వెళ్లిపోయాడు. రన్నింగ్‌బ్యాక్‌లకు పెద్ద సొమ్ము పెట్టకూడదన్న సూత్రం లెక్కల ప్రకారం సబబే. కానీ ఆ సూత్రం మిగిలిన డబ్బును మంచి చోట పెట్టినప్పుడే పనిచేస్తుంది. 2024 నవంబరులో జెయింట్స్ జోన్స్‌ను వదిలేసింది. అదే సీజన్‌లో బార్క్‌లీ 2,005 గజాలు పరుగెత్తాడు. ఎరిక్ డికర్సన్ 1984లో నెలకొల్పిన 2,105 గజాల రికార్డును దాటడానికి ఇంకో 101 గజాలు కావాలి, మిగిలిన ఆట జెయింట్స్‌తోనే. ఈగిల్స్ అతనికి విశ్రాంతినిచ్చింది, బెంచి ఆటగాళ్లతోనే 20-13తో గెలిచింది.

అదే న్యూయార్క్ పేరుతో ఆడే జెట్స్ ఏరన్ రాడ్జర్స్ మీద పెట్టుకున్న ఆశ 5-12తో ముగిసింది. అక్టోబరు 6న లండన్‌లో వైకింగ్స్ చేతిలో 23-17తో ఓడిన రెండు రోజులకు, జట్టు ఇంకా 2-3గానే ఉండగా, కోచ్ రాబర్ట్ సాలేను తీసేశారు. అతనితోపాటు నెలకొన్న క్రమం కూడా పోయింది, ఫలితాలు మాత్రం మెరుగుపడలేదు.

షికాగో బేర్స్ దగ్గర ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే దురదృష్టమూ స్వయంకృతమూ ఎక్కడ కలుస్తాయో ఈ జట్టు చూపిస్తుంది. మొదటి స్థానంలో ఎంచుకున్న కేలెబ్ విలియమ్స్‌తో 4-2గా మొదలైన సీజన్, వాషింగ్టన్‌లో ఆఖరి బంతికి ఓడాక వరుసగా పది ఓటములుగా మారింది. వాటిలో ప్యాకర్స్ మీద ఒక పాయింటు, వైకింగ్స్ మీద ఓవర్‌టైమ్, లయన్స్ మీద మూడు పాయింట్ల ఓటములున్నాయి. అంకెలు మాత్రమే చూస్తే ఇది చీఫ్స్‌కు అద్దంలో ప్రతిబింబం. కానీ నవంబరు 28న డెట్రాయిట్‌లో ఏం జరిగిందో చూడాలి. బేర్స్ 23-20తో వెనుకబడి, ఫీల్డ్‌గోల్ దూరం అంచున ఉంది. విలియమ్స్ నేలకూలినప్పుడు అర నిమిషానికి పైగా సమయం, ఒక టైమ్ఔట్ మిగిలే ఉన్నాయి. కోచ్ మ్యాట్ ఎబర్‌ఫ్లస్ ఆ టైమ్ఔట్ తీసుకోలేదు. గడియారం కరిగింది, చివరి పాస్ నేలపాలైంది, ఆట ముగిసింది, టైమ్ఔట్ వాడకుండానే మిగిలింది. మర్నాడు అతన్ని తొలగించారు. శతాబ్దం దాటిన బేర్స్ చరిత్రలో సీజన్ మధ్యలో హెడ్‌కోచ్‌ను తీసేయడం అదే మొదటిసారి. అలాగే విలియమ్స్ ఆ ఏడాది 68 సార్లు నేలకూలడం కూడా విధి రాత కాదు. ముందు వరుసను గట్టిపరచకుండా కొత్త కుర్రాడిని దాని వెనుక నిలబెట్టినవారిదే ఆ బాధ్యత. స్వల్ప తేడా ఓటములు చాలావరకు వాటంతట అవే సర్దుకుంటాయి, తీసుకోని టైమ్ఔట్ మాత్రం ఎవరో ఒకరు కావాలని సర్దితేనే సర్దుకుంటుంది.

ఇక ఈ బలహీన జట్లే బలమైనవాటిని ఓడించిన రోజుల సంగతి. చివరికి 12-5తో డివిజన్ గెలిచిన రేవెన్స్, రెండో వారం సొంత మైదానంలో 4-13 రైడర్స్ చేతిలో 26-23తో ఓడింది. మరుసటి వారమే ఆ రైడర్స్‌ను, కొత్త క్వార్టర్‌బ్యాక్‌ను పక్కన పెట్టి వెటరన్ ఆండీ డాల్టన్‌ను దింపిన పాంథర్స్ 36-22తో ఓడించింది. అక్టోబరులో రేవెన్స్‌ను మళ్లీ దెబ్బతీసినది 3-14 బ్రౌన్స్, 29-24తో. ఎవరు ఎవరిని ఓడించారో గొలుసుగా కట్టుకుంటూ పోతే పాంథర్స్ రేవెన్స్‌కన్నా గొప్ప జట్టని తేలుతుంది. అలాంటి గొలుసులు కట్టకూడదనడానికి ఈ ఆటే సాక్ష్యం.

సీజన్ చివరికి వచ్చేసరికి ఇలాంటి గెలుపులకు ఒక విచిత్రమైన ధర ఉంటుంది. డిసెంబరు 29న వరుసగా పది ఓడి ఉన్న జెయింట్స్, కోల్ట్స్‌ను 45-33తో ఓడించి ఆ ఏడాది సొంత మైదానంలో తొలి గెలుపు సాధించింది. కోల్ట్స్ ప్లేఆఫ్స్ ఆశలు పోయాయి, జెయింట్స్ చేతిలో ఉన్న మొదటి డ్రాఫ్ట్ అవకాశం కూడా పోయింది. ఆ అవకాశం న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ వైపు జరిగింది. జనవరి 5న ఆఖరి వారం, రెండో స్థానం ఖాయమైన బఫలో బిల్స్, తన క్వార్టర్‌బ్యాక్ జాష్ ఆలెన్‌ను ఒకే ఒక్క ఎత్తు ఆడించి బెంచికి పంపింది. మిగిలినవారి మీద పేట్రియట్స్ 23-16తో గెలిచి, మొదటి స్థానం నుంచి నాలుగో స్థానానికి జారింది. గెలిచిన కోచ్ జెరాడ్ మేయో కొద్ది గంటల్లోనే ఉద్యోగం పోగొట్టుకున్నాడు. అదే రోజు హ్యూస్టన్ చేతిలో 23-14తో ఓడిన టెనెసీ టైటాన్స్, బ్రౌన్స్, జెయింట్స్ మూడూ 3-14తో సమంగా నిలిచాయి. ప్రత్యర్థుల బలాన్ని బట్టి తేల్చిన లెక్కలో మొదటి అవకాశం టైటాన్స్‌కు దక్కింది, ఏప్రిల్‌లో ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ కామ్ వార్డ్‌ను ఎంచుకుంది.